పెరుగు డాక్టరమ్మ

ఈ మధ్య మా మనవరాలి స్నేహితురాలు ఇంటికొచ్చింది. కొత్తగా డాక్టరు చదువు ముగించిన పిల్ల. సంచిలోంచి ఒక పొట్లం తీసి చూపించింది. అందులో తెల్లటి పొడి ఉంది. కడుపుకు మేలు చేసే సూక్ష్మజీవులట. నీళ్ళలో కలుపుకుని తాగితే అరుగుదల బాగుపడుతుందట, రోగాలను తట్టుకునే శక్తి వస్తుందట.

"దీన్ని ప్రోబయాటిక్ అంటారు అమ్మమ్మా. మీ కాలంలో ఇవి లేవు కదా?" అంది.

"ఉండేవి. కుండలో ఉండేవి" అన్నాను.

ఆ పిల్ల నవ్వేసి, ఆ కుండ సంగతి చెప్పమంది. చెప్పడం మొదలుపెడితే ఒక పూటతో తెమల్లేదు. అందుకని రాసి పెడుతున్నాను. ఆసుపత్రి ఉద్యోగంలో నేను ఏ హోదాలో చేరాను, ఏ హోదాలో దిగిపోయాను అన్నవి ఎవరికీ పనికిరావు. పనికొచ్చేవి కొందరు మనుషులు, వాళ్ళ కడుపులు, వాళ్ళ నోళ్ళు. వాటి గురించే రాస్తాను.

ప్రొద్దుటూరు: "అది సరేలేమ్మా, ఏం తినాల?"

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మద్రాసులో చదువు ముగించుకుని ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేరాను. ఆడ డాక్టరు వచ్చిందంటే చూడ్డానికే సగంమంది వచ్చేవాళ్ళు. నేను ఉత్సాహంగా జబ్బు ఎట్లా వస్తుందో, మందు ఎట్లా పనిచేస్తుందో వివరించేదాన్ని. అంతా ఓపిగ్గా వినేవాళ్ళు. తీరా వాకిలి దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "అది సరేలేమ్మా, ఏం తినాల?" అని అడిగేవాళ్ళు.

"తేలికగా అరిగేది ఏదైనా తినండి" అనేదాన్ని. వాళ్ళ మొహాలు చిన్నబోయేవి.

ఒకసారి పత్తి వ్యాపారం చేసే ఇంటి ఇల్లాలు ఒకామె మొహం మీదే అనేసింది. "ఇంత చదువు చదివినావు. అన్నంలో చల్ల పోసుకోవాల్నా, వద్దా? దానికి జవాబు లేదా నీ కాడ?"

నిజంగానే నా దగ్గర లేదు. మా పుస్తకాల్లో పథ్యం గురించి ఉన్న నాలుగు ముక్కలూ దొరల తిండి గురించి. ఇక్కడేమో సంగటి, జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి, చివర్లో గిన్నెడు మజ్జిగ, వాళ్ళ మాటలో చల్ల. పైగా పెరుగు విషయంలో ఇంటికొక చట్టం ఉండేది. బాలింతకు పెట్టకూడదు. దగ్గొస్తే కూడదు. జ్వరమొస్తే ఆ మాటే ఎత్తకూడదు. విరేచనాలైతే మాత్రం మెంతులు వేసి మింగించాలి. వీటిలో కొన్ని సబబే, కొన్ని ఉత్త భయాలు. ఏది ఏదో తేల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. మీరు పనిచేసే ఊళ్ళో జనం పొద్దున ఏం తింటారో, రాత్రి ఏం తింటారో తెలియకుండా మందు రాయకండి.

జమ్మలమడుగు: సాంబమూర్తి గారి నిషేధం

జమ్మలమడుగుకు మారాక నాకు పైఅధికారిగా దొరికిన మనిషి డాక్టర్ సాంబమూర్తి గారు. గోదావరి వైపు నుంచి వచ్చారు. పొడుగ్గా, కాస్త వంగిన భుజాలతో ఉండేవారు. రోగులను, వాళ్ళ పిల్లలను, చివరికి వరండాలోకి వచ్చే మేకను కూడా "అండీ" అని పిలిచేవారు. ఆ ఊరివాళ్ళకు ఆ "అండీ"లు వింటే నవ్వు. కానీ ఆయన చెయ్యి నాడి మీద పడితే సగం బెంగ తీరిపోయేది. చలికాలంలో రోగి పొట్ట మీద చెయ్యి వేసేముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబెట్టుకోవాలని నాకు నేర్పింది ఆయనే. ఆ ముక్క ఏ పుస్తకంలోనూ లేదు.

అంత మంచి మనిషి ఒక్క విషయంలో మాత్రం మొండి. జ్వరాల వార్డులోకి పెరుగు గానీ, మజ్జిగ గానీ రాకూడదు. ఎవరైనా చెంబు దాచి తెస్తే ఆయనే తీసుకెళ్ళి బయట పారబోసేవారు.

ఆ రోజుల్లోనే మస్తాన్‌బీ మా వార్డుకు వచ్చింది. గాజులమ్ముకునే ఇంటి కోడలు. టైఫాయిడ్. చంకలో పాలు తాగే మగబిడ్డ. తోడుగా అత్త హుస్సేన్‌బీ వచ్చింది. హుస్సేన్‌బీ భుజాన గాజుల మూట వేసుకుని ఊరూరా తిరిగే మనిషి. మనిషి కంటే ముందు గొంతు వీధిలోకి వచ్చేదని చెప్పుకునేవాళ్ళు.

టైఫాయిడ్‌కు అప్పుడప్పుడే కొత్త మాత్రలు వచ్చాయి. జనం "మైసీను మాత్ర" అనేవాళ్ళు. వాటితో మస్తాన్‌బీ జ్వరం దిగింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అంతలో విరేచనాలు పట్టుకున్నాయి. ఏది తాగినా నిలవడం లేదు. కళ్ళు లోపలికి పోయాయి. చనుబాలు ఎండిపోయాయి. హుస్సేన్‌బీ బిడ్డను వరండాలో ఎత్తుకు తిరుగుతూ ఉగ్గుగిన్నెతో మేకపాలు పట్టేది. వాడు తాగకుండా ఏడ్చేవాడు.

మా చిక్కు ఏమిటంటే, జ్వరం దిగిందని ఆ మాత్రలు ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఆపకపోతే కడుపు ఇట్లా కొట్టుకుపోతోంది. ఆ మాత్ర టైఫాయిడ్ క్రిములతోపాటు పేగుల్లో మనకు మేలు చేసే క్రిములను కూడా ఊడ్చేస్తుందని, అలాంటప్పుడు పెరుగు కొంత పనికొస్తుందని మద్రాసులో మా గురువు ఒకాయన చెప్పగా విన్నాను. కానీ వార్డులో పెరుగు మాటెత్తేదెవరు?

మస్తాన్‌బీయే ఎత్తింది. ఒక ఉదయం నేను మంచం దగ్గరికి వెళ్తే నా కొంగు పట్టుకుంది.

"డాక్టరమ్మా, ఒగ్గుటక చల్ల తాగి సచ్చిపోతా. ఇప్పియ్యమ్మా."

"చచ్చే మాట ఎందుకమ్మా?"

"బతికేదానికి అడిగితే మీరు ఇయ్యరు గదా."

పక్కనే ఉన్న హుస్సేన్‌బీ చెంపలు వేసుకుంది. "తోబా తోబా! జొరమొచ్చిన ఒంటికి దహీనా? జన్ని కమ్ముతాదే! పరహేజ్ అంటే పరహేజే, పత్తెం పత్తెమే. పెద్ద డాక్టరయ్య కూడా అదే చెప్తాండాడు."

పెద్ద డాక్టరూ హుస్సేన్‌బీ ఎదురుబొదురుగా నాలుగు మాటలైనా మాట్లాడుకున్నది లేదు. ఈ విషయంలో మాత్రం ఇద్దరూ ఒక్కటే.

మధ్యాహ్నం ఆయన గదిలోకి వెళ్ళి అడిగాను. కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చూడండమ్మా, నేను కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు మా వైపు ఒక పెళ్ళికి వెళ్ళాను. ఎండాకాలం. వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ పోశారు. కడవల కొద్దీ పెరుగు చిలికి, అందులో కాలవ నీళ్ళు కలిపారు. మర్నాటికి కలరా. పెళ్ళికొడుకు దక్కలేదండీ. నా చేతుల్లోనే పోయాడు."

కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత అన్నారు. "తప్పు నీళ్ళదని నాకు తెలుసు. కానీ చెంబులో నీళ్ళేవో, పెరుగేదో విడదీసి చూడలేం కదా. అందుకని మొత్తం మానిపించేశాను."

"నీళ్ళు కాచి చల్లార్చి కలిపితేనండీ?"

"పాలు మీ ఎదుట కాగాలి. నీళ్ళు మీ ఎదుట కాగాలి. కుండ, గరిటె మరిగే నీళ్ళతో కడగాలి. బయటి నీళ్ళ చుక్క ఒక్కటి కలిసినా నేనే పారబోస్తాను" అన్నారు. ఒక నిషేధం వెనక ఏ చావు ఉందో అడిగి తెలుసుకుంటేనే అది సడలుతుందని ఆ రోజు అర్థమైంది. వాదించి ఉంటే అది ఇంకా బిగుసుకునేది.

ఇక మిగిలింది హుస్సేన్‌బీ. ఆమెను నా క్వార్టర్స్‌కు పిలుచుకుపోయి, "నా ఎదురుగా నువ్వే తోడెయ్యి, నువ్వే చిలుకు, నువ్వే తాగించు" అన్నాను. చాలాసేపు తల అడ్డంగా ఊపింది. చంకలో పిల్లవాడు ఏడుస్తూనే ఉన్నాడు. చివరికి కళ్ళొత్తుకుని అంది.

"నీ మాట మింద పోస్తాండా. నా కోడలికి ఏమన్నా అయిందా, ఈ బిడ్డను తెచ్చి నీ గడప మింద పండబెట్టి పోతా. సాక్కో."

"సరే" అన్నాను.

మరుసటి ఉదయం పల్చగా చిలికిన మజ్జిగలో ఉప్పు వేసి తెచ్చాం. హుస్సేన్‌బీ బిస్మిల్లా అని చెంచాతో పోసింది. వార్డంతా మెడలు సాచి చూస్తోంది. గుమ్మంలో సాంబమూర్తి గారు నిలబడి ఉన్నారు. మస్తాన్‌బీ కళ్ళు మూసుకుని మింగింది. ఇంకొక చెంచా తాగింది. ఆ తర్వాత కళ్ళు తెరిచి అత్తను చూసి, "ఉప్పు తక్కువైందత్తా" అంది.

అన్నాళ్ళుగా ఆ పిల్లకు నోట రుచి లేదు. హుస్సేన్‌బీ నవ్వబోయి ఏడ్చేసింది.

మాత్రలు ఆపలేదు. మజ్జిగతో మొదలుపెట్టి, మెత్తగా పిసికిన పెరుగన్నం దాకా మెల్లగా వచ్చాం. కడుపు నిలిచింది. ఒంట్లోకి నీరు చేరింది. కొంత ఆలస్యంగా చనుబాలు కూడా వచ్చాయి. వెళ్ళే రోజున మస్తాన్‌బీ నా రెండు చేతులూ పట్టుకుని ఎర్రగాజులు తొడిగింది. సాంబమూర్తి గారు దూరం నుంచి చూసి, "మరి నాకేవండీ?" అని అడిగారు. ఆయన పరిహాసమాడగా విన్నది అదొక్కసారే.

పెరుగు చేసేదెంత, చెయ్యనిదెంత

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఉన్నమాట చెప్పాలి. మస్తాన్‌బీని పెరుగే బతికించిందా అంటే, కాదు. టైఫాయిడ్‌ను తగ్గించింది మాత్రలు. విరేచనాలు కట్టడానికి పెరుగు కొంత సాయపడి ఉంటుంది. ఉప్పు మజ్జిగ వల్ల ఒంట్లోంచి పోయిన నీరూ ఉప్పూ కొంత తిరిగి వచ్చాయి. నోటికి రుచి తెలిసి తినగలిగింది. మాత్రలు పూర్తయ్యాక కడుపు దానంతటదే కుదుటపడేదేమో కూడా. ఏ భాగం దేనిదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. చెప్పగలమనేవాళ్ళను మీరు కాస్త అనుమానంగా చూడండి.

పెరుగులో బతికి ఉన్న సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ముందే కొంత అరిగించి పెడతాయి. అందుకే పాలు పడనివాళ్ళకు కూడా చాలామందికి పెరుగు పడుతుంది. పేగుల్లో అవి కాపురం పెట్టవు, చుట్టాల్లా వచ్చి నాలుగు రోజులుండి పోతాయి. కాబట్టి ఒకనాడు కుండెడు తినడం కంటే రోజూ గిన్నెడు తినడం మేలు. మజ్జిగపులుసులా మరగబెడితే రుచి ఉంటుంది గానీ అందులో ప్రాణం ఉండదు. రోగాలతో పోరాడే మన బలగంలో చాలా భాగం పేగుల గోడల్లోనే ఉంటుంది కనుక, కడుపు బాగుంటే ఒళ్ళు బాగుంటుందన్న పాతమాటలో నిజం ఉంది. కానీ పెరుగు తిన్నవాడికి ఏ జబ్బూ రాదనడం అబద్ధం. మా మనవరాలి స్నేహితురాలు తెచ్చిన పొడికీ ఇదే కొలత. కొన్ని రకాలు కొన్ని బాధలకు పనికొస్తాయి. పొట్లం మీద రాసినవన్నీ చెయ్యవు. నెలల బిడ్డలకూ, మరీ నీరసించి రోగాన్ని తట్టుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళకూ డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు.

ఈ లెక్క నాకు ఇంత స్పష్టంగా తెలిసింది పులివెందులలో.

పులివెందుల: గాజుల మూటతో పాటు తిరిగిన మాట

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత నన్ను పులివెందులకు మార్చారు. బస్సు దిగి పెట్టె కిందికి దించుకుంటుంటే, చనిక్కాయల మూట మీద కూర్చున్న ఒక ముసలమ్మ అడిగింది. "నువ్వేనా ఏమ్మా, పెరుగు డాక్టరమ్మ?"

నిజం చెప్పొద్దూ, సంతోషించాను. నా కంటే ముందే నా పేరు వచ్చింది కదా అనుకున్నాను. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. మోకాళ్ళ నొప్పులామె వచ్చి, "నాకు సూది వద్దు, పెరుగు రాసియ్యి" అంది. కంట్లో పువ్వేసిన పెద్దాయన ఒకరు, "పెరుగు కంట్లో ఎన్ని చుక్కలు ఏసుకోవాల?" అని అడిగాడు. నవ్వుకుంటూ అందరికీ నచ్చజెప్పేదాన్ని.

ఈ పేరు ఎట్లా వచ్చిందో తర్వాత తెలిసింది. హుస్సేన్‌బీ పెద్దకూతుర్ని పులివెందుల దగ్గరి లింగాలలో ఇచ్చారు. ఆమె కూతురింటికి వస్తూ పోతూ, దారి పొడుగునా గాజులు తొడుగుతూ, తన కోడలు బతికిన కథ చెప్పేది. మొదట్లో ఆ కథలో మాత్రలూ ఉండేవట, పెరుగూ ఉండేదట. ఊరు మారేకొద్దీ మాత్రలు జారిపోయాయి.

లింగాలలో రామసుబ్బయ్య అని ఒక అయ్యవారు ఉండేవాడు. బడికంతా ఆయనొక్కడే. టైఫాయిడ్‌తో మా దగ్గరికి వచ్చాడు. జ్వరం దిగాక, మిగిలిన మాత్రలు పూర్తిగా మింగాలని చెప్పి ఇంటికి పంపాం. మళ్ళీ ఎద్దులబండిలో పడుకోబెట్టి తెచ్చారు. ఈసారి జ్వరం ముందుకంటే తీవ్రంగా ఉంది. పొట్ట ఉబ్బి, చెయ్యి వేస్తే మూలుగుతున్నాడు.

"ఇచ్చిన మాత్రలు ఏమయ్యాయి?" అని అడిగాను.

భార్య సరోజమ్మ పైట చెంగు ముడి విప్పింది. సగానికి సగం మాత్రలు అందులోనే ఉన్నాయి.

అయ్యవారు కళ్ళు తెరవకుండానే అన్నాడు. "జొరం పోయినాక మాత్రలు ఇంగెందుకనుకున్న్యా. అవి కడుపు పాడు చేస్తాండాయి. పెరుగు తిన్న్యా. అది మీ మందే గదమ్మా."

"ఎవరు చెప్పారండీ నా మందని?"

"గాజులామె చెప్పింది" అంది సరోజమ్మ. "మీరు ఆమె కోడలికి పోస్తాంటే కండ్లారా చూసిందంట."

టైఫాయిడ్ తిరగబెట్టినప్పుడు భయపడేది పేగుకు చిల్లి పడుతుందని. అట్లా జరిగితే కడప పెద్దాసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోవచ్చు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టి, నరానికి సెలైన్ ఎక్కించి, ఆ పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. చిల్లి పడితే పొట్ట పలకలా గట్టిపడుతుంది, ఎప్పుడు గట్టిపడుతుందోనని భయం. అదృష్టం బాగుండి గట్టిపడలేదు. మెల్లగా మెత్తబడింది. ఆయన కళ్ళు తెరిచి, బడి తాళంచెవి ఎవరికిచ్చారని అడిగిన రోజున నేను బయటికెళ్ళి గోడకానుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత కోపం వచ్చింది. కూతురి ద్వారా హుస్సేన్‌బీకి కబురంపాను. ఆమె గాజుల మూటతోనే వచ్చింది. నన్ను చూసి మొహం విప్పార్చుకుంది. చెయ్యి పట్టుకుని అయ్యవారి మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. ఎముకలు తేలిన ఆ మనిషిని చూసి ఆమె నవ్వు ఆగిపోయింది.

"నీ కోడలు మాత్రలు మింగిందా, లేదా?" అన్నాను.

"మింగింది."

"ఆ మాట ఈ సరోజమ్మకు చెప్పినావా?"

ఆమె తల దించుకుంది. "చెప్పల్యా. మాత్రలు ఎవురైనా ఇస్తారు గదా, దాంట్లో చెప్పేదానికి ఏముండాదిలే అనుకున్న్యా. పెరుగు మాట చెప్తాంటే అందురూ నోరు తెరుసుకోని ఇంటాండ్రి."

తిడదామని పిలిపించిన నేను ఊరుకుండిపోయాను. అందులో దురుద్దేశం ఏముంది? కోడలు బతికిన సంబరంలో కథలో రుచిగా ఉన్న భాగం చెప్పుకుంది. నేను రోగులకు మందు చెప్పేదాన్ని, పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పేదాన్ని కాదు. ఊళ్ళోకి వెళ్ళి మాట్లాడేదేమో పక్కన కూర్చున్నవాళ్ళే. అప్పటి నుంచి మందు రాసిన ప్రతిసారీ, రోగి వెంట వచ్చిన మనిషి చేత ఆ మాట తిరిగి చెప్పించుకునేదాన్ని. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే. మీరూ అట్లా చెయ్యండి.

హుస్సేన్‌బీ గాజుల మూట నేల మీద దించింది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "పెరుగు మాత్రకు తోడు మాత్రమే అనమాట. ఉత్త కుండలో తోడేస్తే ఏం పేరుకుంటాది? పాలుండాల గదా."

నేను ఎంత చదివినా ఇంత పొందికగా చెప్పలేకపోయాను. "అదే చెప్పు. ఊరూరా అదే చెప్పు" అన్నాను.

అప్పుడామె సరోజమ్మ చేతులు చూసింది. నిద్రలేక, తిండిలేక ఆ చేతులు పుల్లల్లా అయిపోయాయి. పాత గాజులు మణికట్టు దాటి జారిపోతుంటే, ఆ సమయంలో జారిపడటం మంచిది కాదని భయపడి దారంతో కట్టుకుని ఉంది. హుస్సేన్‌బీ మంచం పక్కన నేల మీద చతికిలబడి, సరోజమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. దారం విప్పింది. మూటలో వెతికి చిన్నసైజు పచ్చగాజులు తీసి, ఒక్కొక్కటే మెల్లగా ఎక్కించింది. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. అయ్యవారు మంచం మీది నుంచి అదంతా చూసి, "ఆ రంగు బాగుండాది" అన్నాడు.

మాత్ర వేసే వేళయింది. సరోజమ్మ కొత్తగాజుల చేత్తో మాత్ర అందిస్తే ఆయన నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. హుస్సేన్‌బీ లేచి మంచం దగ్గరికొచ్చింది.

"నోరు తెరువప్పా. మింగినావో లేదో సూడాల."

ఏళ్ళ తరబడి పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించుకున్న అయ్యవారు బుద్ధిగా నోరు తెరిచాడు. ఆమె వంగి చూసింది. నాలుక ఎత్తమని, దాని కింద కూడా చూసింది. అప్పుడు సరోజమ్మ వైపు తిరిగింది.

"ఇంగ పెట్టుమ్మా, పెరుగన్నం."